పెట్టె లోపలి తాళంచెవి

మౌలాబీకి కొన్నాళ్లుగా సరిగా నిద్ర లేదు. భయం దొంగల గురించి కాదు, ఆకాశం గురించి.

దర్గాకు ఇనుప పెట్టె కొనిపించింది ఆమే. చుట్టుపక్కల కొట్టాలవాళ్లు, వానకు కురిసే ఇళ్లలో దాచుకోలేనివన్నీ తెచ్చి దర్గా చూసుకునే హుస్సేనప్ప తాత దగ్గర పెట్టిపోయేవాళ్లు. పట్టా కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లినాటి కమ్మలు. తాత వాటిని చెదలు పట్టిన చెక్క బీరువాలో పెట్టేవాడు. మౌలాబీ తాత దగ్గర శిష్యురాలిగా చేరగానే ముందు ఆ బీరువా మీద పడింది. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్ల, వాదనలో కూర్చుంటే ఎదుటివాళ్లను లేవనివ్వని పిల్ల. చివరికి బీరువా పోయి, అంకెలు నొక్కితే తెరుచుకునే పెట్టె వచ్చింది.

ఇప్పుడు ఆ పెట్టె మీదే ఆమెకు అనుమానం.

ఎక్కడో ఆకాశంలో పెద్ద బాంబు పేలితే విద్యుదయస్కాంత ఘాతం ఒకటి పుడుతుందట. కంటికి కనబడదు, చెవికి వినబడదు. వైర్లలో దూరి చిప్పులను కాల్చేస్తుందట. మరి ఈ పెట్టె తాళం బతుకుతుందా? గడియను తిప్పే యంత్రం మందపాటి ఉక్కు వెనకాల ఉంది కాబట్టి బతకొచ్చు. అంకెల పలక బయటే ఉంది కాబట్టి చావొచ్చు. మౌలాబీ రెండు పక్షాలూ తానే వాదించి, రెండు పక్షాలా తానే ఓడిపోయింది.

రోజూ పొద్దున ఇదంతా తాతకు చెప్పేది. అందరి వస్తువులూ వెనక్కి ఇచ్చేద్దామనేది. తాత తన చిన్న రేడియో గొంతు తగ్గించి, పూర్తిగా వినేవాడు. తనకు తెలియని సంగతిని కూడా మధ్యలో తుంచని మనిషి. ఇంత ఓపికగా వినేవాణ్ని మౌలాబీ ఏ కాలేజీలోనూ చూడలేదు.

ఒకరోజు పొద్దున్నే కొట్టాల్లో ఉండే సుంకులమ్మ కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. పిల్లకు కర్నూల్లో కాలేజీ సీటు కౌన్సెలింగ్. పెట్టెలో దాచిన అసలు సర్టిఫికెట్లు చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. బస్సు వచ్చే వేళయింది.

మౌలాబీ అంకెలు నొక్కింది. పలక వెలగలేదు. మళ్లీ నొక్కింది. కూత లేదు, దీపం లేదు.

ఆమె గడప దాటి వచ్చి ఆకాశం చూసింది. అక్కడ ఎప్పటిలాగే ఎండ ఉంది, కాకి ఒకటి పోతూ ఉంది.

"తాతా, అది చచ్చిపోయింది," అంది.

తాత రేడియో చెవి దగ్గర్నుంచి తీశాడు. "దానికి మామూలు తాళంచెవి కూడా ఇచ్చినారు గదమే, ఇట్లాంటప్పటికని?"

"ఇచ్చారు," అంది మౌలాబీ.

"యాడుంది?"

"లోపల."

"దేని లోపల?"

ఆమె పెట్టె వైపు చూసింది. సుంకులమ్మ కూతురు నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆపుకుంది.

"బయట ఎవరికివ్వాలో తోచలేదు తాతా. ఎవరి మీదా నమ్మకం కుదరలేదు."

తాత రేడియో తిప్పి, వెనక మూత తీసి, సన్నటి సెల్లులు ఆమె చేతిలో పోశాడు. "నా సెల్లులు అయిపోతే పొద్దున ఆ అంకెల పలక కిందివి తీసుకున్నా. నీకు చెప్పడం మరిచినా."

మరిచాడో లేదో మౌలాబీ ఈనాటికీ తేల్చుకోలేకపోయింది.

పలకలో సెల్లులు వేసి అంకెలు నొక్కగానే పెట్టె కూసింది, తెరుచుకుంది. సర్టిఫికెట్లు తీసి పిల్ల చేతిలో పెట్టింది. లోపలి మూలన, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, తాళంచెవి మెరుస్తూ కనబడింది. దాన్ని తీసి కాసేపు అట్లాగే పట్టుకుంది. తాత వైపు చూసింది. తాత సుంకులమ్మను చూస్తున్నాడు.

మౌలాబీ తాళంచెవి సుంకులమ్మ అరచేతిలో పెట్టింది.

సుంకులమ్మ వెనక్కి తగ్గింది. "దీంట్లో అందరి సొమ్ములూ ఉండాయి గదమ్మా. నన్ను నమ్మి ఇస్తాండావా?"

"నీ బిడ్డ చదువంతా మా చేతికిచ్చిపోయినప్పుడు నువ్వు ఒక్క మాట అడగలేదే చిన్నమ్మా."

సుంకులమ్మ తాళంచెవిని కొంగున ముడేసి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకొని, కూతురి చెయ్యి పట్టుకొని బస్సుకు పరిగెత్తింది.

బస్సు వెళ్లిన దుమ్ము అణిగింది. తాత మూగబోయిన రేడియోను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. మౌలాబీ పక్కనే కూర్చుంది. వాదించే అలవాటు అంత తొందరగా పోదు కదా, ఉండబట్టలేక అడిగింది.

"ఆకాశం నుంచి అది నిజంగానే వస్తే, తాతా?"

"వస్తే," అన్నాడు తాత, "సుంకులమ్మ ఇంటికి పో."