కూలీల ఎనిమిది పీటలు

కందినాటి రాజుగారి సభలో వందమంది జనానికి ఒక పీట చొప్పున వేసేవారు. కామందు కోనప్ప తన పొలాల్లో చాకిరీ చేసే ఎనిమిది వందల మంది కూలీల తలల లెక్క చూపించి ఎనిమిది పీటలు సంపాదించాడు. వాటి మీద తన బావమరుదుల్నీ మేనల్లుళ్ళనీ కూర్చోబెట్టాడు.

కూలీలు కామందును వదిలి వేరే ఊరు పోకూడదని సభలో పీటల మీద కూర్చున్నవాళ్ళు శాసనం చేయబోయే రోజు రానే వచ్చింది. ఒక మేనల్లుడు తాంబూలం ఉమ్మడానికి లేచి వెళ్ళగానే, నాట్లు వేసే సింగమ్మ బురదకాళ్ళతో వచ్చి ఆ పీట మీద కూర్చుంది.

"లే. ఇక్కడ కూర్చోడానికి నువ్వూ ఒక మనిషివేనా?" అన్నాడు కోనప్ప.

సింగమ్మ కదల్లేదు.

"ఆ మాటే తేల్చండి మహారాజా. మేం మనుషులం కాకపోతే మా తలలు చూపించి తెచ్చుకున్న ఎనిమిది పీటలూ తీయించేయండి. మనుషులమే అయితే వాటి మీద మేమే కూర్చుంటాం."

రాజు కోనప్ప వైపు తిరిగి, "ఏమంటావు?" అని అడిగాడు.



"ఆయన ఆలోచించుకునేలోగా ఆ ఏడుగురినీ లేవమనండి," అంది సింగమ్మ. "మావాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు."