పోకమట్టకి అంత గట్టిదనం ఎక్కడిది?

ఒకప్పుడు పోకమట్ట ఉల్లిపొరంత పల్చగా ఉండేది. నమ్మరు కదూ? పోకచెట్టంటే మన వక్కలు కాసే చెట్టేనర్రా. దాని ఆకు మొదట్లో, చెట్టు మెడకి శాలువాలా చుట్టుకుని వెడల్పాటి పట్ట ఒకటుంటుంది, అదే మట్ట. ఇప్పుడు దాన్ని చేత్తో చింపమనండి, ఎంత మొనగాడైనా అరచేతులు ఎర్రబడ్డాక ఊరుకుంటాడు. అప్పుడు మాత్రం చీమ తుమ్మితే చిరిగిపోయేది.

చిరిగితే మనకేం అంటారా? మనకేం లేదు, చెట్టుకే ఉంది. ఆ మట్ట చాటునే చెట్టు తన పూలగెలని దాచుకుంటుంది. గెలంటే దానికి చంటిబిడ్డే కదా! మట్ట చిరగగానే గాలి లోపలికి దూరి గెలని విరిచి పారేసేది. ఏటేటా ఇదే గోల. పోకచెట్టు ఒక్క కాయ కూడా కళ్ళచూడలేదు.

"బిడ్డని చూసుకోమని నీకప్పగిస్తే ఇదా నువ్వు చేసే నిర్వాకం?" అని చెట్టు మట్టని కేకలేసేది.

"నేనేమన్నా కావాలని వదిలేశానా? నా ఒంట్లో సత్తువ లేదు" అని మట్ట ఏడ్చేది.

పక్కనే ఒక కొబ్బరిచెట్టు ఉండేది. దాని కాయ అంత ఎత్తునుంచి దబ్బున పడ్డా పగిలేది కాదు. మట్టకి అది వింతగా ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"కొబ్బరక్కా, నీ కాయ పగలదేం? దానికేం తొడిగావు?"

"పీచు" అంది కొబ్బరి, కాస్త గొప్పగా.

"పీచంటే?"

"పోగులమ్మా పోగులు! వేళ్ళు కిందనుంచి తిండి పంపుతాయా? దాన్నే సన్నగా సాగదీసి పోగులు చేస్తాను."

"సన్నటి పోగు పుటుక్కున తెగిపోదూ?"

"ఒక్కటైతే తెగుతుంది. బోలెడన్ని పక్కపక్కనే పేర్చి, సందుల్లో జిగురు పూసి చూడు. తెంపేవాడికి చుక్కలు కనిపిస్తాయి."

మట్ట ఇక కూర్చుంటే ఒట్టు. తిండి రావడం ఆలస్యం, పోగులు లాగింది. పైనుంచి కిందికి వరసగా పేర్చింది. జిగురు పూసింది. బిడ్డకి గుచ్చుకోకూడదని లోపలివైపు నున్నగా చేసుకుంది.

వానాకాలం రానే వచ్చింది. గాలి ఎప్పటిలాగే ఈలేసుకుంటూ వచ్చి మట్ట మీద పడింది. లాగింది, తన్నింది, బుగ్గలు పూరించి ఊదింది. మట్ట కదిలితేగా!

"ఏం తిన్నావే నువ్వు?" అని రొప్పుకుంటూ వెళ్ళిపోయింది గాలి.

చెట్టు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గెల లోపల హాయిగా నిద్రపోయింది.

కథ అయిపోయిందనుకుని లేస్తున్నారా? కూర్చోండి కూర్చోండి. అసలు తిప్పలు ఇప్పుడే మొదలవుతాయి.

గెల ఎదిగింది. విచ్చుకునే వేళైంది. మట్ట మాత్రం వదల్లేదు.

"ఇరుగ్గా ఉంది, ఊపిరాడట్లేదు" అంది గెల లోపలనుంచి.

"ఏమే మట్టా, ఇక వదలవే" అంది చెట్టు. "బిడ్డకి ఎండ తగలాలి, తుమ్మెదలు రావాలి. నువ్విలా బిగించి కూర్చుంటే ఎలాగే?"

"అమ్మో, బయట గాలుంది!" అంది మట్ట.

"నేనా?" అంది గాలి, పాపం. "వానలు పోయాక నేనేం చేస్తానే? ఇప్పుడు ఎండుటాకుని కూడా కదపలేను."

మట్ట ఆ మాట చెవిన పెట్టలేదు. చెట్టు ఒళ్ళంతా విదిలించింది. ఏం లాభం? అన్ని పోగులూ కలిసి పట్టుకున్నాయాయె. లోపల గెల మూలుగు రోజురోజుకీ సన్నబడిపోయింది. చెట్టుకి దిగులు పట్టుకుంది. గాలి ఉన్నప్పుడు బిడ్డ గాలికి పోయింది, ఇప్పుడు కాపలా పెట్టినదాని చేతుల్లోనే పోయేలా ఉంది.

ఈ చెట్లున్న కొండ కింద ఊళ్ళో సన్యాసమ్మ అని ఒకావిడ ఉండేది. దొప్పలు కుట్టే అడ్డాకుల కోసం కొండెక్కేది. ఆ రోజుల్లో ఎవరు తిన్నా, తాగినా ఆకుదొప్పల్లోనే. ఆకుకి ఆకు చేర్చి పుల్లతో కుట్టేవారు. కుట్టిన ప్రతిచోటా కారేది. సన్యాసమ్మ అత్తకి చేతులు వణుకు కూడాను. వేడి జావ పోసినప్పుడల్లా, "కోడలా, జావ నాకు పోశావా, నా చీరకి పోశావా?" అని గయ్యిమనేది.

ఆ రోజు సన్యాసమ్మ పోకచెట్టు కిందుగా వెళ్తూ ఆగింది. ఎక్కడో మూలుగు. ఎవరబ్బా? అటు చూసింది, ఇటు చూసింది. చెట్టుకి చెవి ఆనించింది. చెట్టు భోరుమని సంగతంతా చెప్పేసింది.

"ఓస్, ఇంతేనా!" అని సన్యాసమ్మ కొక్కెం కర్ర పైకెత్తింది.

"ఆగాగు, నీకు పుణ్యముంటుంది!" అని అరిచింది చెట్టు. "దాన్ని లాగితే గెల కూడా ఊడొస్తుంది. అదే వదలాలి."

సన్యాసమ్మ కర్ర దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని పైకి చూసింది.

"ఏమ్మా మట్టా, నిజంగా నీ భయం గాలికేనా?"

మట్ట పోగులు ఇంకాస్త బిగించుకుంది.

"కాదు" అంది చివరికి. "వదిలితే కిందపడతాను. కిందపడ్డదాన్ని మీరు ఏమంటారు? చెత్త అంటారు. మొన్న నువ్వు ఆ రాలినాకుల్ని కాళ్ళతో తొక్కుకుంటూ పోయావు. నేను పైనుంచి చూశాను."

సన్యాసమ్మ తన కాళ్ళ కిందికి చూసుకుంది. నిజమే మరి, తొక్కింది. ఎవరు తొక్కరు?

"సరే, తొక్కాను, తప్పే" అంది. "నిన్ను మాత్రం తొక్కను. దిగి రా, మా అత్తకి నీలో జావ పోస్తాను."

"వేడి జావా? తట్టుకోగలనా?"

"గాలివానని తరిమేసినదానివి, గరిటెడు జావకి బెదురుతావా?"

మట్టకి కాస్త నవ్వొచ్చింది. వెంటనే మళ్ళీ అడిగింది. "తాగాక?"

సన్యాసమ్మ అబద్ధమాడొచ్చు. ఆడలేదు. "తాగాక ఎంగిలి. ఎంగిలిది మాకు రెండోపూట పనికిరాదు. ఒక్క పూటేనమ్మా. ఆ తర్వాత తెచ్చి ఈ చెట్టు మొదట్లోనే పడుకోబెడతాను. ఊడ్చి పారెయ్యను."

ఒక్క పూటా! మట్ట ఆలోచనలో పడింది. వదలాలా? వద్దా? ఇంకొన్నాళ్ళు పట్టుకుంటే ఏం?

అప్పుడే దానికి తెలిసొచ్చింది, లోపల మూలుగు ఆగిపోయింది.

"గెలా? ఏయ్ గెలా?" అని పిలిచింది. పలకలేదు.

మట్ట గుండె గుభేలుమంది. చెత్తా లేదు, భయమూ లేదు, ఒక్కొక్క పోగూ విడిచేసింది. పటపటపట! చుట్టంతా ఊడి, ఆకుతో సహా దబ్బుమని సన్యాసమ్మ కాళ్ళ దగ్గర పడింది.

పైన గెల కదల్లేదు. చెట్టు ఊపిరి బిగబట్టింది. గాలి కూడా ఆగిపోయింది. కిందపడ్డ మట్ట వెల్లకిలా పడుకుని పైకే చూస్తోంది.

గెల చిన్నగా తుమ్మింది. ఒక రెమ్మ విచ్చుకుంది, దాని వెనక ఇంకొకటి. లేతపచ్చ పూలు గుత్తులుగా వేలాడాయి. వాసనకి ఎక్కడెక్కడి తుమ్మెదలో వచ్చి వాలాయి. చెట్టు ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

సన్యాసమ్మ మాట తప్పలేదు. ఆకు కోసేసి, మట్టని వాగునీళ్ళలో నానబెట్టింది. గెలని చుట్టుకున్నప్పటిలాగే మట్ట మళ్ళీ మెత్తబడింది. దాని మధ్యలో గుండ్రాయి పెట్టి అదిమితే అంచులు తమంతట తామే పైకి లేచాయి. ఎండలో పెడితే అలాగే బిగుసుకుపోయింది. కుట్టు లేదు, పుల్ల లేదు.

అత్త అందులో వేడివేడి జావ తాగింది. చీర చూసుకుంది. మట్టని తిప్పి అడుగు చూసింది.

"ఇదేంటే కోడలా, కారలేదు, కాలలేదు! ఇంకో గరిటె పొయ్యి."

తాగడం అయ్యాక సన్యాసమ్మ మట్టని కొండెక్కించి, చెట్టు మొదట్లో పడుకోబెట్టింది. "బాగా పట్టుకున్నావు తల్లీ" అంది. వానలకి మట్ట మెల్లగా మట్టిలో కలిసింది. వేళ్ళు ఆ మట్టిని పైకి లాక్కున్నాయి. కొత్త ఆకు మట్ట ఆ తిండితోనే కొత్త పోగులు లాగడం మొదలెట్టింది. పైన గెలనిండా కాయలు!

అప్పటినుంచే పోకమట్ట, ఎవరూ కొయ్యకుండా, లోపలి గెల విచ్చే వేళకి తనంతట తానే వదిలేసి కిందికొస్తుంది. రాలిపోయాక కూడా దాని పోగుల్లో బలం పోదు. అందుకే జనం ఏరుకొచ్చి కంచాలూ గిన్నెలూ చేసుకుంటున్నారు. మీరూ ఒకటి తెచ్చి నానబెట్టి చూడండి. నీళ్ళు తగలగానే మెత్తబడి, చిన్నదాన్ని దేన్నో పొదువుకోవాలన్నట్టు వంగుతుంది.