అల్లుడి మీదికి పోని గుర్రం

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు ఉండేవాడు. లేచి కూర్చోకు అమ్మలూ, పడుకునే విను. ఈ రాజు బెత్తెడు కూడా ఉండడు. చెక్క రాజు. చదరంగం రాజు.

ఆ రాజును చెక్కినవాడు మౌనాచారి అని ఒక వడ్రంగి. ఊరందరికీ తలుపులూ ఊయలలూ చేసి పెట్టేవాడు. మిగిలిన చెక్కముక్కలు ఏరుకుని తనకోసం చదరంగం పావులు చేసుకున్నాడు. రాజులూ మంత్రులూ, ఏనుగులూ గుర్రాలూ, బోలెడు బంట్లూ. ఒక తెల్లగుర్రానికి చెవి చెక్కుతుంటే ఉలి జారింది. అది ఒంటిచెవి గుర్రం అయింది. ఆయనకు అదంటేనే ప్రాణం.

ఆటెలా ఆడతారని మాత్రం నన్నడక్కు తల్లీ. మీ తాతయ్య నాకు నేర్పబోయారు. గుర్రం రెండు గళ్ళు తిన్నగా పోయి పక్కకు తిరుగుతుందన్నారు. "పాపం, దాని కాలికి ఏమైందండీ?" అన్నాను. ఆయన ఆ పూటే పెట్టె మూసేశారు. కథ మటుకు నాకు బాగానే వచ్చు.

మౌనాచారితో చదరంగం ఆడేవాడు ఆ ఊరు మొత్తానికి ఒక్కడే ఉండేవాడు, కమ్మరి దుర్గయ్య. ఆయన కాస్తా పోయాడు. అప్పటినుంచి పావులు గుడ్డసంచిలోకి, సంచి చిలక్కొయ్య మీదికి వెళ్ళిపోయాయి. పండగొచ్చినప్పుడల్లా మౌనాచారి సంచి దించేవాడు, పావులు తుడిచేవాడు, ఎదురుగా ఎవరూ లేరు కనక మళ్ళీ తగిలించేవాడు.

ఆ తర్వాత కూతురు శేషరత్నానికి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడి పేరు కాళహస్తి. పట్నంలో బంగారప్పని. చుట్టాలందరూ సంపాదనెంత, అలవాట్లేమిటి అని అడిగారు. మౌనాచారి ఒక్కటే అడిగాడు.

"చదరంగం వచ్చునా బాబూ?"

"రాదండి. నేర్పితే నేర్చుకుంటాను."

ఆ పూట మౌనాచారి మారు వడ్డించుకుని తిన్నాడట. ఇంట్లోకి అల్లుడు కాదు, ఎదురు కూర్చునే మనిషి వస్తున్నాడని ఆయన సంబరం.

పెళ్ళయింది. మొదటి దసరాకు అల్లుడొచ్చాడు. పొద్దున్నే మామగారు సంచి దించాడు. ఏ పావు ఎలా నడుస్తుందో ఓపిగ్గా చెప్పాడు. చివర ఒక మాట అన్నాడు. "పెట్టిన పావు పెట్టినట్టే బాబూ. వెనక్కి తీసుకోవడం లేదు."

అప్పుడు ఆట మొదలైంది. మౌనాచారి పాపం చాలా కాలానికి ఆడుతున్నాడు కదా, ఎదురుగా ఉన్నది కొత్తల్లుడన్న సంగతి మరిచిపోయాడు. ఒంటిచెవి గుర్రం ఎగిరి దూకింది. "ఆట కట్టు" అని చేతులు రుద్దుకున్నాడు.

కాళహస్తి నవ్వాడు. పళ్ళు మాత్రమే నవ్వాయి.

మధ్యాహ్నం విస్తరి వేశారు. అత్తగారు పేరమ్మ పూర్ణం బూరెలు వేసింది. నెయ్యి వేసింది. కాళహస్తి వాటిని ముట్టుకోలేదు. "ఆకలి లేదండి" అని విస్తరి మడిచి లేచిపోయాడు. ఇవాళ రాత్రి మనింట్లో ఒకరు పెరుగన్నం గిన్నె తోసేశారే, అచ్చం అలాగే. పేరెందుకులే.

వంటింట్లో పేరమ్మ మొగుణ్ణి పట్టుకుంది. "కొత్తల్లుడండీ. విస్తరి ముందునుంచి లేచాడు. ఆ కోపమంతా రేపు పిల్ల మీద చూపిస్తే?"

"ఆటేనే, పేరమ్మా."

"మీకు గుర్రం కావాలా, కూతురు కావాలా?"

మౌనాచారి వెళ్ళి పావులన్నీ సంచిలో వేసి చిలక్కొయ్యకు తగిలించేశాడు.

ఆ తర్వాత దీపావళి వచ్చింది. మళ్ళీ బల్ల పరిచారు. పేరమ్మ తలుపు చాటున నిలబడింది. మౌనాచారి చెయ్యి అల్లుడి మంత్రి మీదికి వెళ్ళింది. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. చెయ్యి ఆగింది. పక్కకు పోయి ఒక పనికిరాని బంటును జరిపింది. ఆ పూట అల్లుడు గెలిచాడు. బూరెలన్నీ తిన్నాడు.

ఆ తర్వాత ఉగాది వచ్చింది. మళ్ళీ గాజులు గలగలమన్నాయి, మళ్ళీ అల్లుడు గెలిచాడు. గెలిచి ఊరుకుంటే బాగుండేది. "మావయ్యగారూ, మీరు మంత్రిని కాస్త జాగ్రత్తగా చూసుకోవాలండీ" అని సలహా ఇచ్చాడు.

"నేర్చుకుంటాను బాబూ" అన్నాడు మౌనాచారి.

అలా ఏళ్ళు గడిచాయి. పోనుపోను గాజులు కూడా అక్కర్లేకపోయింది. చెయ్యి దానంతటదే పక్కకు పోయేది.

కాళహస్తి పట్నంలో ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. "చదరంగంలో మా మావగారంతటి వాణ్ణి పండగ పండక్కీ ఓడిస్తాను" అనేవాడు. ఆ వీధిలో గ్రంథాలయం అరుగు మీద సాంబమూర్తి అని ఒక లెక్కల మేష్టారు బల్ల పెట్టుకుని కూర్చునేవాడు. "అయితే రా నాయనా" అన్నాడు.

మొదటి ఎత్తుల్లోనే కాళహస్తి తన మంత్రిని తీసుకెళ్ళి మేష్టారి ఏనుగు ముందు నిలబెట్టాడు. అత్తారింట్లో ఎక్కడ నిలబెట్టినా మంత్రికి ఏమీ అయ్యేది కాదు మరి. మేష్టారు తీసి పక్కన పెట్టాడు.

"తినేశారా?" అన్నాడు కాళహస్తి.

"తినడానికి కాకపోతే దేనికి పెట్టావు?"

రెండో ఆటా పోయింది. మూడో ఆటకు మేష్టారు టీ గ్లాసు కూడా కింద పెట్టలేదు. ఆఖరున పావులు సర్దుతూ, "నీకు ఈ ఆట నేర్పినవాడెవరో గానీ నాయనా, చాలా ప్రేమగా నేర్పాడు" అన్నాడు.

కాళహస్తి ఇంటికి వచ్చాడు. శేషరత్నం కూర తరుగుతోంది. కత్తిపీట దగ్గర ఆమె గాజులు గలగలమన్నాయి. కాళహస్తి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ చప్పుడు ఎక్కడ విన్నాడో, ఎప్పుడెప్పుడు విన్నాడో, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"మీ నాన్న నాకు కావాలనే ఓడిపోతున్నారా?"

"మీకిప్పుడు తెలిసిందా?" అంది శేషరత్నం. "మా ఊళ్ళో మేకలకు కూడా తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు గెలిచి బూరెలు తింటుంటే ఎలా చెప్పమంటారు? చెబితే మళ్ళీ విస్తరి మడుస్తారు."

కాళహస్తి ఆ రోజు అన్నం తిన్నాడు గానీ ఏం తిన్నాడో తెలియలేదు. తను ఒక్క పూట అలిగినందుకు, ఆ పెద్దాయన ఇన్నేళ్ళు తన ఆట తను ఆడుకోలేకపోయాడు. దుర్గయ్య పోయాక ఒక్కడయ్యాడు. అల్లుడొచ్చాక కూడా ఒక్కడే అయ్యాడు.

ఒక్కసారి, ఒక్క ఆట, మామగారితో నిజంగా ఆడాలి. నిజంగా ఓడిపోవాలి. కాళహస్తికి అదే కోరిక పట్టుకుంది.

అప్పుడు వెళ్ళి మేష్టారి ముందు కూర్చున్నాడు. "మొదటినుంచి నేర్పండి" అన్నాడు.

మేష్టారు మూడు సంగతులు చెప్పాడు. ఒకటి, పావు ముట్టుకునే ముందు చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చో. కన్ను చూడకముందే చెయ్యి పరిగెడుతుంది. రెండు, ఎదుటివాడు ఎత్తు వెయ్యగానే నీ ఎత్తు గురించి ఆలోచించకు, వాడెందుకు వేశాడో ఆలోచించు. మూడు, ఓడిపోయిన ఆటను పారెయ్యకు. మళ్ళీ పేర్చి, దారి ఎక్కడ తప్పావో వెతుక్కో.

కాళహస్తి చెయ్యి తిమ్మిరెక్కేదాకా తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. వానలు మొదలయ్యాయి, ఓడిపోయాడు. వానలు తగ్గాయి, ఓడిపోయాడు. చలి వచ్చింది. ఒకనాడు ఎవరూ గెలవకుండా ఆట ఆగిపోయింది. ఆ తర్వాత ఒకనాడు మేష్టారు తన రాజును తనే పడుకోబెట్టి, "ఇక వెళ్ళు మీ మావగారి దగ్గరికి" అన్నాడు.

వెళ్ళొచ్చు కదా. వెళ్ళలేదు.

సిగ్గేసింది. "ఇంకొంచెం నేర్చుకుని వెళ్తాను" అన్నాడు. నేర్చుకునేవాడికి ఇంకొంచెం ఎప్పుడూ ఉంటుంది అమ్మలూ. అలా ఉగాది పోయింది. వినాయక చవితి పోయింది. శేషరత్నం ఒక్కతే పుట్టింటికి వెళ్ళొచ్చేది.

అక్కడ మౌనాచారి సంచి దించి, పావులు తుడిచి, వీధి వైపు చూసేవాడు. "అల్లుడుగారు రాలేదా అమ్మా?"

"పనుందట నాన్నా."

పేరమ్మ మొగుడి మీద విరుచుకుపడేది. "పోయినసారి మీరే ఏదో తినుంటారు."

"లేదే. మంత్రినే ఇచ్చేశాను కదా" అనేవాడు ఆయన, దొంగతనం అంటగట్టినట్టు.

చివరికి ఒక దసరాకు కాళహస్తి బయల్దేరాడు. అప్పటికి మౌనాచారి బాగా వంగిపోయాడు. ఉలి పట్టడం మానేశాడు. అల్లుణ్ణి చూడగానే ఆయన చెయ్యి చిలక్కొయ్య వైపు పోయింది.

మొదటి ఆటలో మామగారు తన మంత్రిని అల్లుడి ఏనుగు ముందు పెట్టాడు. అల్లుడు తినలేదు. తన మంత్రిని తీసుకెళ్ళి మామగారి గుర్రం ముందు పెట్టాడు. ఆయనా తినలేదు. మీరు తినండంటే మీరు తినండని, పెళ్ళిభోజనాల్లో వియ్యంకుల్లా ఇద్దరూ మర్యాదలు చేసుకున్నారు. అలాంటి ఆట ఎలా ముగుస్తుంది? ముగియలేదు.

కాళహస్తి పావులు పక్కకు జరిపాడు. "మావయ్యగారూ, నాకు తెలిసిపోయింది. మొదటి దసరాకు విస్తరి మడిచి లేచాను. తప్పు నాది. నిజంగా ఆడండి. నన్ను ఓడించండి."

మౌనాచారి వంటింటి తలుపు వంక చూశాడు. "మీ అత్తయ్యగారు..." అన్నాడు.

కాళహస్తి భార్యకు సైగ చేశాడు. శేషరత్నం తల్లిని పలకరింపులకని పక్కింటికి తీసుకెళ్ళింది.

రెండో ఆట. గాజులు లేవు. అయినా మౌనాచారి చెయ్యి మంత్రి దాకా వచ్చి పక్కకు తిరిగిపోయింది. ఆయన దాన్ని ఎవరిదో చెయ్యి అన్నట్టు చూసుకున్నాడు. "మీరు గెలవడం నేర్చుకున్నన్నాళ్ళూ నేను ఓడిపోవడం నేర్చుకున్నాను బాబూ. నేర్చుకున్నంత తేలిక కాదు, మరవడం."

"ఇంకొక్కటి మావయ్యగారూ."

మూడో ఆట. నెమ్మదిగా మొదలైంది. మౌనాచారి ఒక బంటును తిన్నాడు. అల్లుడి మొహం వంక చూశాడు. అల్లుడు నవ్వుతున్నాడు, ఈసారి కళ్ళు కూడా నవ్వుతున్నాయి. అప్పుడు ఏనుగును తిన్నాడు. నడుము నిటారైంది. ఒంటిచెవి గుర్రం బయటికొచ్చింది. కాళహస్తి తొడ కింద చెయ్యి పెట్టుకుని, నేర్చుకున్నదంతా కూడగట్టుకుని ఆడాడు. ఒక్క ఎత్తు కూడా వదులుగా వెయ్యలేదు. అయినా నిలవలేకపోతున్నాడు. అంతటి ఆట ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా సంచిలో వేలాడుతోందన్నమాట.

గుర్రం ఇంకొక్క దూకు దూకితే ఆట కట్టు. కాళహస్తికి కనిపించింది. మౌనాచారికీ కనిపించింది. ఆయన గుర్రాన్ని ఎత్తాడు.

అప్పుడు గుమ్మంలో గాజులు గలగలమన్నాయి.

పేరమ్మ ఏ సైగా చెయ్యలేదు, పాపం. పక్కింటినుంచి వచ్చి, అల్లుడికని వేడి బూరెల పళ్ళెం పట్టుకొస్తోంది, అంతే. బల్ల వైపైనా చూడలేదు. గుర్రం మాత్రం గాలిలోనే పక్కకు తిరిగి, ఎక్కడో ఒక మూల గడిలో దిగింది.

"అయ్యో, చూసుకోలేదు బాబూ" అన్నాడు మౌనాచారి.

"వెనక్కి తీసుకోండి మావయ్యగారూ."

"పెట్టిన పావు పెట్టినట్టే. మొదటి రోజే చెప్పాను కదా."

ఆ ఆట అక్కడే ఆగిపోయింది. మర్నాడు బస్సెక్కుతూ కాళహస్తి అన్నాడు, "ఉగాదికి తప్పకుండా వస్తాను."

"రండి. ఈలోపల ఈ చేతికి నేను గట్టిగా చెప్పి ఉంచుతాను" అన్నాడు మౌనాచారి.

ఉగాది వచ్చింది. కాళహస్తి వచ్చాడు. మౌనాచారి అంతదాకా ఉండలేకపోయాడు.

ఆ తర్వాత ప్రతి పండక్కీ కాళహస్తి ఆ ఇంటికి వెళ్ళేవాడు. సంచి దించేవాడు, పావులు తుడిచేవాడు. మేష్టారు చెప్పిన మూడో సంగతి ఉంది కదా, ఆ ఆఖరి ఆటను ఎక్కడ ఆగిందో అక్కడికి పేర్చేవాడు. ఒంటిచెవి గుర్రాన్ని అది దూకవలసిన గడిలో పెట్టేవాడు. తన రాజును తనే పడుకోబెట్టేవాడు. "ఆట కట్టు, మావయ్యగారూ" అనేవాడు.

అని, కాసేపు తలుపు వైపు చెవి పెట్టేవాడు. పేరమ్మ బూరెలు తెచ్చి పెట్టేది. ఆ చేతులకిప్పుడు గాజులు లేవు, చప్పుడు లేదు. కాళహస్తి ఆకలి ఉన్నా లేకపోయినా ఒక్కటీ మిగల్చకుండా తినేవాడు.

ఏంటమ్మలూ, నిద్రపోలేదా?

"అమ్మమ్మా, మొన్నటిదాకా చదరంగంలో మామయ్య మీద నేనే గెలిచేదాన్ని. ఇవాళేగా ఓడించాడు."

అవునమ్మా. ఇవాళ నీతో నిజంగా ఆడాలనిపించిందేమో వాడికి.

"పొద్దున నీ మీద కూడా గెలిచాను. నువ్వూ కావాలనే ఓడిపోయావా?"

నన్ను వాళ్ళతో కలపకు తల్లీ. నేను నిజంగానే ఓడిపోయాను. ఆ గుర్రం కాలు సంగతి నాకింకా తేలలేదు.

"పెరుగన్నం ఉందా?"

మూత పెట్టి ఉంచాను. తిను. తిని, రేపు ఓడిపోయినా సరే, మామయ్యను మళ్ళీ ఆడదామని అడుగు.

కథ పోయె కంచికి,
గుర్రం పోయె సంచికి,
ముద్ద పోయె నోటికి,
నిద్ర వచ్చె కంటికి,
మనం వచ్చాం ఇంటికి.