రాయి తీసినారా?

అనగనగా ఒక కనుమ. కనుమకు ఇవతల రాళ్ళగుట్ట, అవతల ఊరు. ఆ ఊళ్ళో నువ్వులు పండేవి గానీ గానుగ లేదు. నూనె చుక్క కావాలన్నా కొండ దిగాల్సిందే. అందుకని ఊరంతా కూడి గుట్టలో గానుగరోలు చెక్కించుకున్నారు. చెక్కించడం ఒక ఎత్తు, కొండెక్కించడం ఒక ఎత్తు. రోలు చూస్తే ఏనుగు కూచున్నట్టుంది మరి!

బండ్ల పెద్ద చెన్నప్ప గట్టి బండి కట్టించాడు. ముందు ఎద్దుల జతలు, పక్కన మోకులు పట్టిన మనుషులు. అందరికంటే వెనక ముసలి సుంకమ్మ.

ఆమె పనేమిటంటారా? ఎద్దులు అలిసి ఆగినప్పుడల్లా చక్రం వెనక రాయి వెయ్యడం, బండి కదలగానే ఆ రాయి తీసి పక్కన పెట్టడం. వెయ్యడం ఎవరైనా వేస్తారు, ప్రాణభయం కదా. తియ్యడమే మరిచిపోతారు. ఎవరో మరిచిన రాయి మీదికి చక్రమెక్కే ఆమె మొగుడి బండి లోయలో పడింది. అప్పటినుంచి ఏ పెద్ద బరువు కొండెక్కినా సుంకమ్మ వెనకే నడిచేది. పిలిచినా నడిచేది, పిలవకపోయినా నడిచేది.

మొదటి మలుపులో ఎద్దులు ఆగాయి.

"రాయి వేసినావా అత్తా?" అన్నాడు చెన్నప్ప.

"వేసినా."

బండి కదిలింది. "రాయి తీసినారా?" అని తనే అడిగి, తనే తీసింది.

రెండో మలుపులోనూ అంతే. తనే అడిగింది, తనే తీసింది.

"రాళ్ళతోనే కాపురం చేస్తాండావే అత్తా!" అన్నాడు చెన్నప్ప. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

మూడో మలుపు నిట్టనిలువు. అక్కడ మోకు తెగింది. బండి వెనక్కి జారింది. సుంకమ్మ వేసిన రాయి పిండైపోయింది.

"పెద్దది దొర్లించండ్రా!" అని అరిచింది.

నలుగురు కలిసి ఒక గుండు దొర్లించారు. చక్రం దానికి తగిలి ఆగింది. కొత్త మోకు కట్టారు. చేతులు చాలక సుంకమ్మ కూడా వెళ్ళి మోకు పట్టింది. ఈసారి బండి ఎక్కడా ఆగకుండా కొండ కొమ్ముకు చేరింది.

ఇక తప్పెట్లు, ఈలలు, సంగటి ముద్దలు! సుంకమ్మ ముద్ద చేతిలోకి తీసుకుంది. అది నోటిదాకా పోలేదు.

"రాయి తీసినారా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రేప్పొద్దున తీద్దాంలే అత్తా. పొద్దుగూకే యాళ ఈ కనుమలో ఎవరొస్తారు? తిను" అన్నాడు చెన్నప్ప.

"నా మొగుడూ ఈ యాళకే వచ్చినాడు నాయనా."

ముద్ద ఆకులో పెట్టేసి పరుగెత్తింది. అంతలో కింద ఎక్కడో ఎద్దుల మువ్వలు మోగాయి. గుండు చూస్తే నలుగురి బరువు, తను ఒక్కతే. చేతులతో నెట్టింది, కదల్లేదు. భుజం ఆనించింది, కదల్లేదు. మువ్వలు దగ్గరయ్యాయి. "ఓ సామీ, ఈ ఒక్కటి కదిలించు!" అంటూ మూడోసారి వీపు ఆనించింది.

మసక చీకటిలో ఒక గూడుబండి కొండ కొమ్ముకు చేరింది. అందులో ఉన్నది చెన్నప్ప కూతురు నాగవేణి, నిండు చూలాలు. నొప్పులు ముందే మొదలైతే పుట్టింటికి తీసుకొచ్చేస్తున్నారు.

చెన్నప్ప బండికి ఎదురు పోయాడు. "దారి... దారి బాగుందా?"

"బాగానే ఉందన్నా" అన్నాడు బండివాడు. "మూడో మలుపులో ఒక అవ్వ దారి పక్కన గుండుకు ఆనుకొని కూచోనుంది. బండెక్కవ్వా అంటే పలకలేదు."

చెన్నప్ప పరుగెత్తాడు. గుండు దారికి పక్కనే ఉంది. సుంకమ్మ దానికి ఆనుకునే ఉంది. అరచేతులు చీరుకుపోయాయి. ప్రాణం లేదు.

"తీసినావా అత్తా! తీసినావా!" అని ఆమె కాళ్ళమీద పడి ఏడ్చాడు.

ఆ రోలు గానుగైంది. తొలి నూనె ఆ గుండుకే రాశారు. ఏటా ఇప్పటికీ రాస్తారు.

ఇప్పుడక్కడ తారురోడ్డు. గాలిమరల రెక్కలు మోసుకుంటూ వీధంత పొడుగు లారీలు ఎక్కుతుంటాయి. మలుపులో ఆగితే క్లీనరు దిగి చక్రం వెనక రాయి వేస్తాడు. కదలగానే తీసి పక్కన పెట్టి, "తీసినాం సుంకమ్మా!" అని కేకేస్తాడు. ఆ కేక వినబడందే డ్రైవరు ముందుకు పోడు.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా పనైపోయిందని చేతులు దులుపుకుంటే, పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒకే మాట అడుగుతారు.

"బండెక్కింది సరే, రాయి తీసినావా?"