కూర్చునే చోటు లేని మ్యూజియం

విశాఖలో పురుషోత్తం అనే ఆర్కిటెక్ట్ ఉండేవాడు; తాను కట్టిన గోడ ముందు ఇంకో వస్తువు కనిపిస్తే ఓర్చుకోలేకపోయేవాడు.

సముద్రం ఒడ్డున కొత్తకాలపు చిత్రాల కోసం అతను ఒక మ్యూజియం కట్టాడు. తెల్లటి గోడలు, నున్నటి నేల, ఒకదాని వెనక ఒకటిగా పొడవాటి హాళ్ళు. "హాలుకో బెంచీ వేద్దామా సార్? జనం అలిసిపోతారు," అని మ్యూజియం అధికారిణి వసుంధర అడిగింది.

పురుషోత్తం మొహం చిట్లించాడు. "ఇది బస్టాండు కాదండీ. ఖాళీగా ఉంటేనే అందం," అన్నాడు. కాపలావాళ్ళ స్టూళ్ళు కూడా తీయించేశాడు. పాపం, వాళ్ళు రోజంతా నిలబడే ఉండేవారు.

చివరి హాల్లో సుభాషిణి వేసిన పెద్ద చిత్రం పెట్టారు. చిన్నప్పుడు అతనికి పెన్సిల్ పట్టడం నేర్పిన డ్రాయింగు టీచరు ఆమె. ఆ చిత్రాన్ని వయసులో ఉన్నప్పుడే అమ్మేసింది, మళ్ళీ కంటితో చూడలేదు. చచ్చేలోగా ఒక్కసారి చూసుకోవాలని ప్రారంభోత్సవానికి బొబ్బిలి నుంచి రైలెక్కి వచ్చింది.

ఆ రోజు పొద్దుటి నుంచి నిలబడి పురుషోత్తానికి మోకాళ్ళు పీకేశాయి. పొగడ్తలు వినే ఓపిక కూడా పోయింది. కూర్చుందామంటే చోటేదీ? మెల్లగా బయటికి జారుకుని, తన కారు వెనక సీట్లో వాలి కళ్ళు మూసుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది.

ఎవరో కారు అద్దం మీద తట్టారు. సుభాషిణి టీచరు!

"నువ్వూ ఇక్కడే కూర్చున్నావా? కాస్త జరుగురా నాయనా," అంటూ ఆమె పక్కన కూలబడింది.

"బొమ్మ చూశారా టీచర్?"

"సగం దాకా వెళ్ళాను. కాళ్ళు వణికాయి. గోడకి ఆనుకుంటే మరకవుతుందమ్మా అన్నాడు కాపలా అతను. తిరిగొచ్చేశాను."

"చక్రాల కుర్చీ తెప్పిస్తాను, రండి."

"ఇంక నావల్ల కాదురా. బండి టైమైపోతోంది. నీ గోడలు మాత్రం బాగున్నాయి."

పురుషోత్తానికి సిగ్గుతో తల వాలిపోయింది. ఆమెని స్టేషన్‌కి తీసుకెళ్ళి రైలెక్కించాడు.

తర్వాత హాలుకో బెంచీ వేయించి, ఆమెని తీసుకురావడానికి బొబ్బిలి వెళ్ళాడు. అప్పటికే ఆమె మంచం పట్టింది.

"ఇంక నేనెక్కడికీ రాలేనురా. నువ్వు చూశావుగా, చెప్పు. అందులో ఆకాశం రంగు వెలిసిందా, అలాగే ఉందా?" అని ఆశగా అడిగింది.

"చూసి చెప్తాను టీచర్," అన్నాడు పురుషోత్తం. ఆ బొమ్మ ఉన్న గోడని వందసార్లు చూశాడు గానీ, బొమ్మని ఒక్కసారీ చూడలేదు.

వెనక్కొచ్చి, చివరి హాల్లో బెంచీ మీద అలసటగా కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని, ఆమెకి ఫోన్ చేసి, కనిపించిన ప్రతి రంగూ చెప్పసాగాడు.

ఎంత గొప్ప కట్టడమైనా, వచ్చినవాళ్ళ అలసటకి అందులో చోటు లేకపోతే, అది కట్టినవాడి గొప్ప కోసమే కట్టినట్టు.