తిట్టు తర్వాతి మాట

"మన పుట్టుక ఎత్తి తిట్టేవాడికి అదే నోటితో జవాబిస్తే తప్పా, అయ్యవారూ?" అని శిష్యుడు తాతారావు అడిగాడు.

పోలయ్య గారు చాప దులుపుతున్నారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "రేపు సభలో నువ్వే మాట్లాడు," అన్నారు.

రేవు దగ్గరి సావడిలో పోలయ్య గారు పొద్దుగూకాక చేపలు పట్టేవాళ్లకు అక్షరాలూ తత్వమూ చెప్పేవారు. దేవుడికి రూపం లేదన్నది ఆయన మాట. అలాంటివాడికి సావడి ఇవ్వకూడదని గుడి అర్చకులు శేషాచార్యులు గారు ఊరి పెద్దల దగ్గర పట్టుబట్టారు. వాదంలో నిలబడితే ఉండండి, లేకపోతే చాపలు చుట్టుకోండి అని పెద్దలు తేల్చేశారు.

ఆ సభకు ఒక కట్టుబాటు ఉంది. ముందు ఎదుటివాడి వాదాన్ని మన నోటితో చెప్పాలి. అతను "అవును, నా మాట అదే" అని ఒప్పుకున్నాకే మన జవాబు. ఒప్పుకోకపోతే జవాబు చెప్పే హక్కే లేదు.

మర్నాడు తాతారావు జవాబులన్నీ వల్లెవేసుకుని వచ్చాడు. ఆచార్యులు గారి అల్లుడు ఇల్లు వదిలి పోయిన సంగతి కూడా, అవసరానికి ఉంటుందని, నాలుక చివర పెట్టుకున్నాడు.

శేషాచార్యులు గారు లేచారు. "చేపల బుట్ట పక్కన పెరిగిన పోలయ్యకు పరబ్రహ్మం కావలసివచ్చింది. ముందు ఒళ్లు కడుక్కుని రమ్మనండి," అన్నారు. ముందు వరుస నవ్వింది. ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడారు. పోనుపోను గొంతు తగ్గింది, ఒకచోట కళ్లు తుడుచుకున్నారు కూడా.

తాతారావు వంతు వచ్చింది. "మేం తక్కువవాళ్లం కనుక మాకు దేవుడు తెలియడని వారి వాదం."

"నా వాదం అది కాదు," అన్నారు ఆచార్యులు గారు.

"అయితే, విగ్రహాలు పోతే మీ పెత్తనం పోతుందని."

"అదీ కాదు. నేను చెప్పింది చెప్పవయ్యా."

తాతారావు నోరు తెరిచాడు. లోపల వెతుక్కున్నాడు. బుట్ట ఉంది, ముందు వరుస నవ్వు ఉంది, అల్లుడి సంగతి ఉంది. బుట్ట తర్వాత ఆచార్యులు గారు అంతసేపు చెప్పిందేమిటో ఒక్క ముక్క లేదు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేవబోయారు.

"మావాడికి బదులు నేను చెప్పవచ్చా?" అన్నారు పోలయ్య గారు.

"చెప్పనివ్వండి," అన్నారు ఆచార్యులు గారు.

"బుట్ట మాట వాదం కాదు. ఆ బుట్ట మా అమ్మ బతుకుతెరువు, దాన్ని ఖండించే పని నాకు లేదు. వారి వాదం ఇదీ. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, రూపం లేనిదాని ముందు కూర్చుని ఎలా ఏడుస్తుంది? తన వంక చూసే ముఖం ఒకటి ఆమెకు కావాలి. ఆ ముఖాన్ని తీసేస్తే జ్ఞానికి పోయేదేమీ లేదు. ఆమెకే ఎవరూ మిగలరు."

శేషాచార్యులు గారు పోలయ్య గారి వైపు తిరిగారు.

"అవును. నా మాట అదే," అన్నారు. "నేనింత బాగా చెప్పలేదు. ఇప్పుడు మీ జవాబు చెప్పండి, పోలయ్య గారూ."

ఆయన నోట గారూ అన్న మాట రావడం అదే మొదలు.

దీపాలు పెట్టేదాకా వాదం నడిచింది. ఎవరు నెగ్గారో పెద్దలు తేల్చలేకపోయారు. చాపలు చుట్టుకోమని మాత్రం ఎవరూ అనలేదు.

తిరిగి వస్తుంటే తాతారావు తల వంచుకునే అడిగాడు. "ఆయనన్నది మీకు గుచ్చుకోలేదా, అయ్యవారూ?"

"ఎందుకు గుచ్చుకోదు?"

ఇసుకలో కొంతదూరం నడిచాక పోలయ్య గారు మళ్లీ అన్నారు.

"తిట్టింది నన్ను కదరా. చెవుడు నీకెందుకొచ్చింది?"