ముందు ఎవరి పాట?

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఓ రాజుగారు, రాజుగారి కోటగోడ పక్కనే ఓ వీధిబడి. బడి పంతులుగారు మంచాన పడితే ఆయన కోడలు వరాలమ్మ పిల్లలకి చదువు చెప్పేది. బెత్తం పుచ్చుకుని కాదు, పాటలు కట్టి. ఎక్కాలకో పాట, తిథులకో పాట. ఊ కొడుతున్నారా? రామం కొడుతున్నాడు. కుందనా, నువ్వు కొట్టట్లేదు. సరే, మానెయ్, చెబుతాను.

ఆ బళ్ళో పోలి అని మేకలవాళ్ళ పిల్ల. దానికో మేకపిల్ల, పేరు చుక్క. ఓ రోజు రాజుగారబ్బాయి, పదేళ్ళ వెధవ, గుర్రం ఆట ఆడుతున్నానంటూ చుక్క మీదెక్కి కూర్చున్నాడు. పాపం, దాని ముందుకాలు విరిగింది. పోలి ఘొల్లుమంది.

రాజుగారు విచారణ పెట్టాడు. మేక జారిందన్నాడు కుర్రాడు. మేక జారింది బురద వల్ల అన్నాడు మంత్రి. బురదైంది వాన వల్ల అన్నాడు సేనాపతి. వాన పడింది మబ్బు వల్ల అన్నాడు పురోహితుడు. మబ్బు దాకా వెళ్ళారు గానీ మేక వీపెక్కినవాడి దగ్గరికి ఒక్కడూ రాలేదు. సిగ్గుండక్కర్లా?

ఊరు ఊరుకుంటుందా, చెవులు కొరుక్కుంది. రాజుగారికి తల కొట్టేసినట్టయింది. వరాలమ్మని పిలిపించి, క్షమించడం గొప్ప గుణమని ఓ పాట కట్టి పిల్లలకి నేర్పు, పున్నమినాడు సభలో పోలి చేత పాడించు, పాడకపోతే బడి మూయించేస్తానన్నాడు.

వరాలమ్మ భయపడింది. బడి మూస్తే నలభైమంది పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అవుతారు. పాట కట్టింది. తేనెలాంటి పాట. పిల్లలందరూ వల్లె వేశారు. పోలి మాత్రం నోరు విప్పలేదు. పాడమంది, పాడలేదు. బుజ్జగించింది, పాడలేదు. కోపమొచ్చి గోడకుర్చీ వేయించింది. కాళ్ళు వణుకుతున్నా ఆ పిల్ల ఒకే మాటంది. "నన్నెవరూ ఏమీ అడగలేదు కదండీ, దేనికి సరేననాలి?"

వరాలమ్మ గబుక్కున పోలిని లేవనెత్తింది. కాలు విరగ్గొట్టినవాడు కోటలో ఉయ్యాలూగుతున్నాడు, ఏడ్చిన పిల్ల ఇక్కడ గోడకుర్చీ వేసింది. ఎంత పని చేశాననుకుంది. పిల్లలందరూ చూస్తుండగా పోలి ఎదుట నిలబడి రెండు చెవులూ పట్టుకుంది. "తప్పు నాదే పోలీ. నా భయం నీ మీద చూపించాను," అని మూడు గుంజీళ్ళు తీసింది. ఆ పాట చెరిపేసి కొత్తది కట్టింది.

పున్నమి వచ్చింది. సభ నిండింది. పిల్లలు బారుగా నిలబడ్డారు. పాడరు. రాజు మంత్రిని చూశాడు, మంత్రి పిల్లల్ని చూశాడు, పిల్లలు పైకప్పు చూశారు. ఏమిటీ మౌనమని రాజుగారు ఉరిమాడు.

వరాలమ్మ ముందుకొచ్చింది. చేతులు జోడించి చెప్పింది. "మహారాజా, ఈ పాట రెండు సగాలు. మొదటిది చినబాబుది, రెండోది పోలిది. కథ చెప్పకుండా ఊ కొట్టమంటే ఎవరు మాత్రం కొడతారు?"

సభలో ముసలివాళ్ళు ఫక్కున నవ్వారు. నవ్వినవాళ్ళందర్నీ చెరలో వేయలేడు కదా, రాజుగారు కొడుకు వైపు చూశాడు. ఆ కుర్రాడికీ చుక్క అరుపు చెవుల్లోంచి పోవట్లేదట. గద్దె దిగొచ్చి, వరాలమ్మ అందిస్తుంటే సొంత నోటితో పాడాడు.

"ఎక్కింది నేనే, విరిచింది నేనే,
ఏడిపించింది నేనే,
కట్టు నే కడతాను, గడ్డి నే తెస్తాను,
కాలు నిలిచేదాకా."

పోలి వెంటనే పాడేసిందనుకున్నారా? లేదు. గడ్డి తెస్తాడో లేదో నలభై రోజులు చూసింది. తెచ్చాడు. చుక్క లేచి, గెంతి, వాడి తలపాగా నమిలిన రోజున పాడింది.

"కాలు నిలిచిందోయి, గంతులేసిందోయి,
కలిసి ఆడుదాం రావోయి."

రాజుగారు బుద్ధి తెచ్చుకుని బడికి కొత్త పెంకులు వేయించాడు. ఆ బళ్ళో ఇప్పటికీ ఎక్కాలకన్నా ముందు ఆ రెండు సగాల పాటే నేర్పుతారట.

తప్పు చేసినవాడు నోరు విప్పకుండా, దెబ్బ తిన్నవాణ్ణి క్షమించమనడం ఎక్కడి న్యాయం? కుందనా, నీ బొమ్మల పుస్తకం చింపిన పిల్లని ఒక్క మాట అడక్కుండా నీ చేత పరవాలేదనిపించారటగా మీ టీచరు. రేపు నేనొచ్చి మాట్లాడతాను. మూతి ముడుచుకున్నావని సాయంత్రం నేనూ కసిరాను. తప్పు నాది తల్లీ. ఇప్పుడు ఊ కొడతావో మానతావో నీ ఇష్టం.

ఆఁ, వినపడిందిలే. కథ కంచికి, చుక్క గడ్డికి, మనం పక్కలోకి.